తలంబ్రాలు గళ్లు గళ్లుగా వస్తున్నాయా? డిస్క్‌ని తిట్టకండి!

డిస్కా? ఈ రోజుల్లో డీవీడీ ఎవరు చూస్తారండీ? ఈ మాట అనేసి స్క్రోల్ చేయబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఈసారి ఊరెళ్లినప్పుడు హాల్లో టీవీ కింద అర వైపు ఓ చూపు వేయండి. గుడ్డ కప్పిన నల్లటి పెట్టె ఒకటి ఇంకా అక్కడే ఉంటుంది. దాని పక్కన బాబాయి పెళ్లి, అత్తయ్య వాళ్ల గృహప్రవేశం, మీ అన్నప్రాశన... ప్లాస్టిక్ డబ్బాల్లో వరసగా. లింక్ పంపితే "ఎక్కడ నొక్కాలిరా ఇది?" అని అడిగే అమ్మమ్మ, ఆ పెట్టెలో డిస్క్ పెట్టి ప్లే నొక్కడం మాత్రం ఎవరి సాయం లేకుండా చేసేస్తుంది. వై-ఫై అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, మధ్యలో యాడ్ రాదు.

అందుకే పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఫోన్‌లో అద్దంలా ఉన్న వీడియో డీవీడీ చేశాక మసకమసకగా వస్తోంది. ఎందుకు?" చాలామంది జవాబు కూడా వాళ్లే చెప్పేసుకుంటారు: "డీవీడీ అంటే అంతేలే, పాత టెక్నాలజీ కదా" అని.

నేను ఒప్పుకోను. పాతదే, నిజం. డీవీడీ మొదటిసారి జపాన్‌లో 1996లో అమ్మకానికి వచ్చింది. కానీ సినిమా కంపెనీ అమ్మిన ఒరిజినల్ డీవీడీ ఒకటి తీసి అదే ప్లేయర్‌లో, అదే టీవీలో వేసి చూడండి. హీరోయిన్ కమ్మలు కూడా చక్కగా కనిపిస్తాయి. అదే ప్లేయర్, అదే టీవీ. మరి మన వీడియోకి ఏమైంది? ఎడిటింగ్ అయ్యాక డిస్క్ మీదికి చేరేలోపు దాన్ని ఎవరో ఎక్కడో నలిపేశారు. ఎక్కడ నలుగుతుందో తెలిస్తే ఆపడం పెద్ద కష్టం కాదు.

కళ్లజోడు తుడుచుకున్న అమ్మమ్మ

మా పిన్ని కూతురి పెళ్లి మొన్న మాఘంలో అయింది. అమ్మమ్మకి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది, రాలేకపోయింది. ఆ పిల్ల ఆవిడ చేతుల మీద పెరిగింది. "తలంబ్రాలు పోసుకునేటప్పుడు దాని మొహం చూడాలిరా" అన్నది ఒక్కటే కోరిక. వీడియో తీసిన స్టూడియోవాళ్లు రెండు నెలలకి ఒక పెన్‌డ్రైవ్, ఒక డీవీడీ ఇచ్చారు. డీవీడీ వేశాం. జీలకర్ర బెల్లం దాకా పర్వాలేదు. తలంబ్రాలు మొదలవగానే బొమ్మంతా గళ్లు గళ్లు. పిల్ల మొహం మీద చదరపు పలకలు అతికించినట్టు ఉంది. అమ్మమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తన చూపే ఆనడం లేదనుకుంది పాపం.

ఆ రాత్రే డిస్క్‌ని కంప్యూటర్‌లో పెట్టి మీడియాఇన్ఫో అనే ఉచిత యాప్‌లో తెరిచాను. వీడియో ఫైల్ లోపల ఏముందో అది మొత్తం చెప్పేస్తుంది. సంగతి రెండు లైన్లలో తేలిపోయింది. 2 గంటల 50 నిమిషాల పెళ్లిని ఒక్క డిస్క్‌లో కుక్కారు. పైగా సౌండ్‌ని ఏమాత్రం కుదించకుండా పీసీఎంలో అలాగే వదిలేశారు.

ఇందులో తప్పేంటో అర్థం కావాలంటే చిన్న లెక్క కావాలి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. (కంప్యూటర్‌లో 4.37 అని కనిపిస్తుంది. అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, డిస్క్‌లో మోసం కాదు.) అందులో మెనూకి, ఇతర అవసరాలకి కొంచెం వదిలేస్తే సెకనుకి ఎన్ని మెగాబిట్లు వాడుకోవచ్చో తేల్చడానికి నేను వాడే సూత్రం ఒకటే. 600ని వీడియో నిమిషాలతో భాగించండి. అంతే! 90 నిమిషాలైతే ఆరున్నర దాటుతుంది. రెండు గంటలైతే 5. మా చెల్లి పెళ్లికి 170 నిమిషాలు, అంటే 3.5. అందులో కుదించని సౌండ్ ఒక్కటే ఒకటిన్నర తినేసింది. బొమ్మకి మిగిలింది సెకనుకి 2 మెగాబిట్లు. ఒకప్పటి వీసీడీలో బొమ్మకి 1.15 ఉండేది, గుర్తుందా? దానికంటే నాలుగు రెట్లు పెద్ద బొమ్మకి రెట్టింపు కూడా ఇవ్వలేదన్నమాట.

డీవీడీ వీడియోకి గరిష్ఠంగా 9.8 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చని రూలు. అలాగని గంటలోపు వీడియో అయితే మొత్తం ఎక్కించేయకండి. ఇంట్లో రైట్ చేసిన డిస్క్‌ని పాత ప్లేయర్లు అంత వేగంగా చదవలేక ఆగి ఆగి నడుస్తాయి. నేను 8 దాటనివ్వను.

తలంబ్రాలే ఎందుకు చెడిపోయాయి?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. జీలకర్ర బెల్లం బాగుంది, మాంగల్యధారణ బాగుంది, తలంబ్రాలకి ఏమొచ్చింది?

డీవీడీలో వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది. అది ప్రతి ఫ్రేమునూ మొదటినుంచి రాయదు. ఒక ఫ్రేము పూర్తిగా రాసి, తర్వాతి వాటికి "ఏం మారింది, ఏది ఎటు కదిలింది" అన్నది మాత్రమే రాసుకుంటుంది. బొమ్మని చిన్న చిన్న గళ్లుగా చేసి, "ఈ గడి కొంచెం కుడికి జరిగింది, మిగతాదంతా అలాగే ఉంది" అని సరిపెడుతుంది. తలమీద జీలకర్ర బెల్లం పెట్టి చేతులు కదలకుండా కూర్చున్నప్పుడు దానికి పనే లేదు. హాయి!

తలంబ్రాల దగ్గరికొస్తే? దోసిళ్లకొద్దీ బియ్యపు గింజలు. ప్రతి గింజదీ ఒక దారి. వాటి మధ్యలో ఈమధ్య థర్మోకోల్ పూసలు, మెరుపు కాగితాలు కూడా కలుపుతున్నారు కదా. ఇద్దరూ పోటీపడి లేచి నిలబడతారు, వెనక బంధువులు చేతులెత్తుతారు, కెమెరా అటూ ఇటూ ఊగుతుంది. ఇది చాలదన్నట్టు ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఫ్లాష్ పడిన ఆ ఒక్క ఫ్రేములో బొమ్మ మొత్తం తెల్లబడుతుంది, అంటే అన్ని గళ్లూ ఒకేసారి మారిపోయాయని లెక్క. పాపం ఎంపెగ్-2 ఏం చేస్తుంది? దానికిచ్చిన 2 మెగాబిట్లలో ఇవన్నీ రాయలేక, గడిలోపలి వివరాలు వదిలేసి గడి మాత్రం మిగులుస్తుంది. మనకు కనిపించే పలకలు అవే.

మొత్తం పెళ్లిలో అందరూ ఎదురుచూసే ఘట్టమే మెషీన్‌కి అన్నిటికంటే కష్టమైన ఘట్టం. అందుకే ఎవరి డీవీడీ నా దగ్గరికొచ్చినా ముందు తలంబ్రాలు వేసి చూస్తాను. అక్కడ మొహాలు బాగుంటే మిగతాదంతా బాగున్నట్టే.

దీనికి రెండు మందులు ఉన్నాయి. మొదటిది, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో "సీబీఆర్" అని ఉన్నచోట "వీబీఆర్, టూ-పాస్" ఎంచుకోవడం. సీబీఆర్ అంటే అందరికీ ఒకే గరిటె కొలత. నిద్రపోతున్న పిల్లాడికీ అంతే, ఆకలిమీదున్నవాడికీ అంతే. టూ-పాస్‌లో సాఫ్ట్‌వేర్ ముందు వీడియో మొత్తం ఒకసారి చూసుకుంటుంది. ఎక్కడ హడావుడి ఉంది, ఎక్కడ ఖాళీగా ఉంది గుర్తుపెట్టుకుని, రెండోసారి రాసేటప్పుడు రిసెప్షన్ క్యూలో మిగిల్చింది తెచ్చి తలంబ్రాలకి వడ్డిస్తుంది. టైం రెట్టింపు పడుతుంది. పట్టనివ్వండి, రాత్రి పెట్టేసి పడుకోండి.

రెండోది ఇంకా సింపుల్. ఒక్క డిస్క్‌లో కుక్కకండి! స్టూడియోలు ఇచ్చే డబ్బాలో రెండు డిస్కులు పట్టే ఖాళీ ఉంటుంది కదా. నేను పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫుల్ హెచ్‌డీ ఫైల్ తీసుకుని రెండు ముక్కలు చేశాను. ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాకా 80 నిమిషాలు ఒక డిస్క్. హల్దీ, సంగీత్, రిసెప్షన్ కలిపి 90 నిమిషాలు ఇంకో డిస్క్. సౌండ్‌ని డాల్బీ డిజిటల్‌లో 192 కిలోబిట్లకి తెచ్చాను. మాటలకి, సన్నాయికి అది చాలు. మొదటి డిస్క్‌లో బొమ్మకి సగటున 7 మెగాబిట్లు దొరికాయి. 2 ఎక్కడ, 7 ఎక్కడ!

మీ ఫోన్ క్లిప్పులతో చేసుకునేటప్పుడు ఇంకో మాట. రాత్రి పందిట్లో తీసిన వీడియోల్లో చీకటి భాగాల్లో సన్నటి చుక్కలు గిలగిల్లాడుతుంటాయి చూడండి. మన కంటికి అది చీకటి. ఎంపెగ్-2కి మాత్రం ప్రతి చుక్కా ఒక తలంబ్రం గింజే. ఎడిటింగ్‌లోనే కొంచెం నాయిస్ రిడక్షన్ వేస్తే ఆ బిట్లు మిగులుతాయి. మరీ ఎక్కువ వేస్తే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి, జాగ్రత్త.

జిరాక్స్‌కి జిరాక్స్ తీయొద్దు

స్టూడియో సంగతి పక్కనపెట్టి మన సంగతి చూద్దాం. ఫోన్‌లో తీసినవాటిని ఫోన్‌లోనే మిక్సింగ్ చేసి డీవీడీ చేయించేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అక్కడ జరిగే నష్టం వేరే రకం.

క్లిప్ ఫోన్‌లో పుట్టింది. కజిన్ దాన్ని వాట్సాప్‌లో వీడియోగా పంపాడు, అక్కడ ఒకసారి నలిగింది. మీరు ఎడిటింగ్ యాప్‌లో వేసి 720పీలో ఎక్స్‌పోర్ట్ చేశారు, ఇంకోసారి. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ పాట మార్చాలని మళ్లీ యాప్‌లో వేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్, మూడోసారి. చివరికి డీవీడీ. జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్లీ జిరాక్స్ తీస్తే అక్షరాలు ఎలా అలుక్కుపోతాయో అలాగే ఇక్కడా. డీవీడీలో బొమ్మ సైజు చిన్నదేగా, ఎక్కడినుంచి తెచ్చినా ఒకటే అనుకుంటారు. కాదు! గళ్లు పడిన వీడియో ఇస్తే ఎంపెగ్-2 ఆ గళ్ల అంచుల్ని కూడా బొమ్మలో భాగమే అనుకుని జాగ్రత్తగా రాసిపెడుతుంది. మొహానికి దక్కాల్సిన బిట్లు చెత్తకి పోతాయి.

కాబట్టి కజిన్స్‌ని బతిమాలో బెదిరించో క్లిప్పులు ఒరిజినల్‌వి తెప్పించుకోండి. వాట్సాప్‌లోనే "డాక్యుమెంట్"గా పంపితే ఒరిజినల్ అలాగే వస్తుంది, 2 జీబీ దాకా. ఎడిటింగ్ 1080పీలోనే చేయండి. అంతా అయ్యాక ఒకే ఒక్క మాస్టర్ ఫైల్ తీయండి. కంప్యూటర్‌లో ఎడిట్ చేసేవాళ్లయితే ప్రోరెస్ 422 గానీ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ గానీ మంచిది. ఫుల్ హెచ్‌డీ ప్రోరెస్ 422 గంటకి దాదాపు 55 జీబీ అవుతుంది. అంత చోటు లేకపోతే హెచ్.264లో 50 మెగాబిట్లు పెట్టండి, గంటకి ఇరవై రెండున్నర జీబీ. ఫోన్ యాప్ అయితే రిజల్యూషన్ 1080, బిట్‌రేట్ గీతని చివరిదాకా జరపండి. ఈ మాస్టర్ నుంచి డీవీడీకి ఒక్కసారే కుదింపు జరగాలి.

ఐఫోన్‌లో తీసేవాళ్లు పెళ్లికి ముందే కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేయడం మంచిది. డీవీడీకి హెచ్‌డీఆర్ అంటే ఏంటో తెలియదు. సరిగ్గా మార్చకుండా ఎక్కిస్తే రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి.

25కీ 30కీ మధ్య కుంటి నడక

బొమ్మ స్పష్టంగానే ఉంది, కానీ కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా, బరాత్‌లో డ్యాన్స్ వేసినప్పుడల్లా జెర్క్ జెర్క్‌గా వస్తోంది. ఇదీ తరచూ వినే కంప్లయింటే. కారణం ఫ్రేమ్ రేట్.

మన దేశంలో టీవీ పద్ధతి పాల్. సెకనుకి 25 ఫ్రేములు, బొమ్మ 720×576. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ. సెకనుకి 29.97, బొమ్మ 720×480. డీవీడీ ఈ రెండింట్లో ఏదో ఒకటి కావాలి, మధ్యస్తంగా ఏదీ ఉండదు. స్టూడియో కెమెరాలు మన దగ్గర ఎక్కువగా 25లోనో 50లోనో తీస్తాయి, పాల్‌కి అచ్చంగా సరిపోతాయి. ఫోన్లు మాత్రం అడగకుండానే 30లో తీస్తాయి. 30ని 25 చేయాలంటే సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసి పారేస్తుంది. డ్యాన్స్ కుంటేది అక్కడే.

మరి దారేంటి? ఇంకా షూట్ చేయలేదంటే ఫోన్‌లో 25 పెట్టుకోండి. ఐఫోన్‌లో వీడియో సెట్టింగుల్లో "షో పాల్ ఫార్మాట్స్" అని ఉంటుంది, అది ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో మీ ఫోన్‌ని బట్టి ప్రో వీడియో మోడ్‌లో వెతకండి. ఇప్పటికే 30లో తీసేసి ఉంటే... ఇక్కడ నా సలహా కొందరు స్టూడియో అన్నలకి నచ్చదు. డీవీడీని ఎన్‌టీఎస్‌సీలో చేసేయండి! 30కీ 29.97కీ తేడా కంటికి తెలియదు. ఇక్కడ అమ్మిన ప్లేయర్లు, టీవీలు చాలావరకు రెండు పద్ధతులూ ఆడిస్తాయి. 576 గీతలు 480 అవుతాయి, నిజమే. కానీ చిన్న బొమ్మని మనం రెండు నిమిషాల్లో మర్చిపోతాం. కుంటే బొమ్మ గంటసేపూ కళ్లలో పొడుస్తూనే ఉంటుంది. ఒకే ఒక్క షరతు: ముందు ఎవరి కోసం చేస్తున్నారో వాళ్ల ప్లేయర్‌లో ఓ చిన్న టెస్ట్ డిస్క్ వేసి చూడండి.

స్టూడియోదీ ఫోన్‌దీ కలిపి వాడుతున్నారా? ఏది ఎక్కువ ఉంటే దాని పక్షం.

ఫోన్ వీడియోల్లో ఇంకో దాగుడుమూత ఉంది. అవి 30 అని చెప్పుకున్నా ఒక సెకను 30, ఇంకో సెకను 28 అన్నట్టు వెలుతురుని బట్టి మారుతుంటాయి. చిన్న క్లిప్ అయితే ఫరవాలేదు. అరగంట పాటు ఆపకుండా తీసిన వ్రతం వీడియో అయితే చివరికొచ్చేసరికి పంతులుగారి పెదాలు ఒకటి చెబుతుంటే మంత్రం వెనకాల వస్తుంది. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" ఎంచుకుని, క్వాలిటీ బాగా పెంచి మార్చుకోండి. ఈ ఒక్క అదనపు కుదింపుకి మాత్రం నా అనుమతి ఉంది.

ఇక పాత హ్యాండీక్యామ్ టేపుల నుంచి తెచ్చుకున్న మినీడీవీ వీడియోలైతే కథ వేరు. వాటిలో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా, సరి గీతలు బేసి గీతలుగా ఉంటుంది. డీవీడీ దాన్ని అలాగే తీసుకోగలదు. కాబట్టి డీఇంటర్‌లేస్ చేసి పాడుచేయకండి. సెట్టింగులో "లోయర్ ఫీల్డ్ ఫస్ట్" ఉందో లేదో చూసుకుంటే చాలు. అది తిరగబడితే నడిచే మనిషి వణుకుతూ ముందుకీ వెనక్కీ ఊగుతాడు.

పేర్లు, ఒత్తులు, ఎరుపు చీర

మనుషులు సన్నగా పొడుగ్గా సాగిపోయి కనిపిస్తే అది 16:9 జెండా మర్చిపోవడం. డీవీడీలో వెడల్పు బొమ్మని నొక్కి దాచి, "చూపేటప్పుడు సాగదియ్" అని ప్లేయర్‌కి ఓ గుర్తు పెడతారు. ప్రాజెక్ట్ సెట్టింగులో 4:3 బదులు 16:9 ఎంచుకోవాలి, అంతే. నిలువుగా తీసిన క్లిప్పులైతే రెండు పక్కలా నల్లటి ఖాళీ బదులు అదే బొమ్మని మసకచేసి వెనక పెట్టడం మామూలే. మరీ కదలని మసక పెట్టండి, లేకపోతే అదీ బిట్లు తింటుంది.

తెలుగు టైటిల్స్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇంగ్లిష్ అక్షరానికి ఒక అంతస్తే. మనదానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. "శ్రీలక్ష్మి" అని రాస్తే ఆ క్ష కింద మ ఒత్తు కంప్యూటర్‌లో ముచ్చటగా ఉంటుంది. 576 గీతల్లోకి దిగాక చీమ తలకాయంత అవుతుంది. పైగా పాత టీవీల్లో ఒక గీత మందం ఉన్న అడ్డగీత దేనికదే మిణుకుమిణుకుమంటుంది. సన్నటి స్టైల్ ఫాంట్లు వద్దు. బోల్డ్‌గా, పెద్దగా, చుట్టూ ముదురు అంచుతో పెట్టండి. పాత డబ్బా టీవీలు బొమ్మ అంచుల్ని కొంత కోసేస్తాయి కాబట్టి పేర్లు నాలుగు వైపులా పదో వంతు లోపలికి ఉంచండి. వరుడి ఇంటిపేరు టీవీ చెక్కలోకి పోయిందంటే వియ్యాలవారి దగ్గర మీకే మాట వస్తుంది.

ఎరుపు కూడా ఇబ్బంది పెడుతుంది. డీవీడీ వెలుగునీడల వివరాలు పూర్తిగా దాచినా రంగు వివరాలు అడ్డంగా సగం, నిలువుగా సగమే దాస్తుంది. అందుకే ఎర్ర పట్టుచీర రంగు జరీ అంచు మీదికి కారిపోయినట్టు కనిపిస్తుంది. శాచురేషన్ ఒక్క పిసరు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఫోన్ స్క్రీన్ మీద కాస్త తక్కువ మెరిసినా దిగులు పడకండి.

సౌండ్ 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. డౌన్‌లోడ్ చేసిన పాటలు ఎక్కువగా 44.1లో ఉంటాయి, ఎడిటర్‌లోనే మార్చేయండి. భజంత్రీలు పగిలిపోకుండా పీక్ మైనస్ 6 డీబీ దగ్గర ఆపండి.

చివరి మజిలీ

డిస్క్ తయారీ ఫోన్‌లో కాదు, కంప్యూటర్ తప్పదు. యూఎస్‌బీకి తగిలించుకునే డీవీడీ రైటర్ ఎవరో ఒక ఫ్రెండ్ దగ్గర దుమ్ముకొట్టుకుని ఉంటుంది, అడగండి. పేరున్న సాఫ్ట్‌వేర్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. అడోబీ ఎన్‌కోర్ 2012లో వచ్చిన సీఎస్6తోనే ఆగిపోయింది. డావిన్చీ రిజాల్వ్ ఉచిత ఎడిటరే గానీ ఎంపెగ్-2 ఇవ్వదు, దానిలో మాస్టర్ తీసుకోవడమే. నేను ఇప్పుడు వాడేది డీవీడీస్టైలర్, ఉచితం. పాలా ఎన్‌టీఎస్‌సీయా, 4:3నా 16:9నా అని మొదట్లోనే అడుగుతుంది. మీరు వేరేచోట ఎంపెగ్-2 చేసుకుని తెస్తే దాన్ని మళ్లీ కుదించకుండా "కాపీ" అని పెట్టడం మర్చిపోకండి, లేదంటే జిరాక్స్ కథ మళ్లీ మొదలు. మెనూ హంగులు నాకు పెద్దగా పట్టవు. అమ్మమ్మ కోసమైతే అసలు మెనూనే వద్దు, డిస్క్ పెట్టగానే వీడియో మొదలయ్యేలా చేయండి. తలంబ్రాల దగ్గర ఒక చాప్టర్ గుర్తు మాత్రం పెట్టండి. రిమోట్‌లో "నెక్స్ట్" నొక్కితే అక్కడికి పోవాలి.

ఎంపీ4 ఫైల్‌ని డిస్క్ మీదికి కాపీ చేసి "డీవీడీ చేశా" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అది డీవీడీ కాదు, డిస్క్ మీద ఉన్న ఫైల్. పాత ప్లేయర్‌లో పెడితే "నో డిస్క్" అని మొహం చూపిస్తుంది. లోపల వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉంటేనే అది డీవీడీ.

పాత ప్లేయర్ల కోసం డీవీడీ మైనస్ ఆర్ డిస్కులు కొనండి. 16ఎక్స్ అని ఉన్నా 8ఎక్స్‌లోనో 4ఎక్స్‌లోనో రైట్ చేయండి, అయ్యాక వెరిఫై చేయించండి. పైన గుండ్రటి స్టిక్కర్ అతికించొద్దు, అది ఒకవైపు లేచిందంటే డిస్క్ ప్లేయర్‌లో ఊగుతుంది. మెత్తటి మార్కర్‌తో లోపలి రింగు దగ్గర రాస్తే చాలు. ఎండ తగలని చోట పెట్టండి. డిస్క్ చూడటానికే. దాచుకోవడానికి మాత్రం ఆ మాస్టర్ ఫైల్ రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. మా విషయంలో పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డీ ఫైల్ ఉంది కాబట్టి సరిపోయింది. డిస్క్ ఒక్కటే ఇచ్చి ఉంటే పోయిన మొహాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. స్టూడియోకి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఫుల్ హెచ్‌డీ ఫైల్ కూడా కావాలని మాట తీసుకోండి. చాలా స్టూడియోలు కొన్ని నెలలకే హార్డ్‌డిస్క్ ఖాళీ చేసుకుంటాయి.

అమెరికాలో ఉన్న అక్కకి కూడా ఒకటి పంపాలంటే పాల్ డిస్క్ పంపకండి. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ రాదు. రీజియన్ కోడ్ గొడవ మన డిస్కులకి ఉండదు, ఇంట్లో చేసినవాటికి ఆ తాళం పడదు. ఫోన్ క్లిప్పులతో ఎన్‌టీఎస్‌సీలో చేసింది ఉంటే ఇంకో కాపీ తీసి పంపేయొచ్చు. స్టూడియోవాళ్ల 25 ఫ్రేముల వీడియో అయితే దాన్ని 29.97కి సాగదీసే బదులు మాస్టర్ ఫైలే పంపేయడం మేలు. వాళ్లింట్లో స్మార్ట్ టీవీ ఎలాగూ ఉంటుంది, ఆ నల్లపెట్టె ఉండదు.

పాత వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్లకి బూజు పట్టిందని కొందరు అడిగారు. వీసీఆర్‌లో పెట్టేయకండి, టేపూ పోతుంది, హెడ్డూ పోతుంది. వచ్చే వారం దాని సంగతి చూద్దాం.